ఇంటి కంప్యూటరునకు తగిన డిస్కు

కంప్యూటరు నేడు పట్టణములకే పరిమితమైన వస్తువు కాదు. మన గ్రామములలో పిల్లల చదువునకు, స్వయం సహాయక సంఘముల లెక్కలకు, పాల కేంద్రముల ఖాతాలకు, చిన్న దుకాణముల బిల్లులకు దానిని వాడువారు ఎందరో కలరు. పట్టాదారు పాసు పుస్తకము నకలు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దల ఛాయాచిత్రములు, పెండ్లి వీడియోలు కూడ అందే చేరుచున్నవి. ఇవి యన్నియు ఆ యంత్రములో ఏ చోట నుండును? ఆ చోటు చెడిపోయినచో ఏమగును? క్రొత్త కంప్యూటరు కొనునపుడు గాని, పాతదానిని బాగుచేయించునపుడు గాని ఈ రెండు ప్రశ్నలు వేసికొనువారు తక్కువ. దుకాణదారుడు "అయిదువందల జి.బి. కావలెనా, ఒక టి.బి. కావలెనా?" అని యడుగును. ఎక్కువ యున్నది మేలని తలచి కొనువాడు తల యూపును. డిస్కును ఎంచుకొనుటకు అంతకంటె మంచి పద్ధతి కలదు. దానిని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పలక, పెట్టె

కంప్యూటరులో విషయములు నిలుచు తావులు ముఖ్యముగా రెండు. మొదటిది ర్యామ్. ఇది బడిపిల్లవాని పలక వంటిది. లెక్క చేయునంతసేపు అంకెలు దానిపై నుండును. విద్యుత్తు పోయిన వెంటనే పలకను తుడిచినట్లగును. రెండవది డిస్కు. ఇది దస్తావేజుల పెట్టె వంటిది. విద్యుత్తున్నను లేకున్నను అందులో దాచినవి అట్లే యుండును. దుకాణములో "8 జి.బి., 512 జి.బి." అని రెండు సంఖ్యలు చెప్పుదురు. చిన్న సంఖ్య పలకకును, పెద్ద సంఖ్య పెట్టెకును సంబంధించినవి. ఈ రెంటిని ఒకటిగా భ్రమించరాదు.

డిస్కు పరిమాణమునకు కొలత బైటు. ఆంగ్లాక్షరము నొకదానిని దాచుటకు ఒక బైటు చాలును. తెలుగులో "క" అను ఒక్క అక్షరమునకు నేడు వాడుకలోనున్న పద్ధతి ననుసరించి మూడు బైట్లు కావలెను. గుణింతమో, ఒత్తో చేరినచో ఇంకను పెరుగును. వేయి బైట్లు ఒక కిలోబైటు, పదిలక్షల బైట్లు ఒక మెగాబైటు, నూరు కోట్ల బైట్లు ఒక గిగాబైటు, లక్ష కోట్ల బైట్లు ఒక టెరాబైటు. గిగాబైటునే జి.బి. అనియు, టెరాబైటునే టి.బి. అనియు క్లుప్తముగా వ్యవహరింతురు.

ఇక్కడ ఒక సందేహము తీర్చవలసియున్నది. ఒక టెరాబైటు డిస్కును కొని విండోస్ కంప్యూటరునకు తగిలించినచో తెరపై 931 గిగాబైట్లు మాత్రమే కనుపించును. దుకాణదారుడు మోసగించెనని కొందరు తగవునకు దిగుదురు. ఇది మోసము కాదు. డిస్కు తయారు చేయువారు వేయింటి లెక్కను, విండోస్ 1,024 లెక్కను వాడుటచేత ఈ తేడా వచ్చుచున్నది. 500 గిగాబైట్ల డిస్కు ఇట్లే 465గా కనుపించును.

తిరుగు డిస్కు

డిస్కులు నేడు రెండు జాతులుగా లభించుచున్నవి. అందు పాతది హార్డు డిస్కు. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ మొదటి హార్డు డిస్కును విక్రయమునకు తెచ్చెను. రెండడుగుల వెడల్పుగల పళ్లెములు ఏబది అందుండెను. దాని బరువు సుమారు ఒక టన్ను. అంతటి యంత్రము దాచగలిగినది ఏబది లక్షల అక్షరములు మాత్రమే. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రములు ఒకటి రెండైనను దానిలో పట్టుట కష్టము. నేడు అరచేతిలో నిముడు హార్డు డిస్కు అంతకు లక్షల రెట్లు దాచుచున్నది.

ఆకారము మారినను దీని సూత్రము మారలేదు. అయస్కాంతపు పూత పూసిన గుండ్రని పళ్లెములు నిమిషమునకు 5,400 సారులో, 7,200 సారులో తిరుగుచుండును. ఒక సన్నని చేయి చివర నున్న తల ఆ పళ్లెముపై వ్రాయుచు, చదువుచు నుండును. ఆ తల పళ్లెమును తాకదు. దుమ్ము కణము కంటె ఎంతో తక్కువ యెడముతో దానిపై తేలియాడును. కనుకనే నడచుచున్న హార్డు డిస్కును కుదిపినను, క్రింద పడవేసినను తల పళ్లెమును గీకి, దాచిన విషయములు నశించును.

కావలసిన చోటునకు తల చేరుటకు సుమారు సెకనులో నూరవ వంతు కాలము పట్టును. ఇది స్వల్పమే యనిపించవచ్చును. కాని కంప్యూటరు మేల్కొనునపుడు వేలకొలది చిన్న చిన్న ఫైళ్లను వేరువేరు చోట్ల నుండి వెదకి తేవలెను. ఆ స్వల్పకాలములన్నియు కలిసి నిమిషములగును. "కంప్యూటరు ముసలిదైనది, నడచుట లేదు" అని చెప్పువారిలో పెక్కుమందికి ముసలిదైనది కంప్యూటరు కాదు. అందలి హార్డు డిస్కు నిదానమే దానికి కారణము.

తిరుగని డిస్కు

రెండవ జాతి ఎస్.ఎస్.డి. ఇందు తిరుగు పళ్లెము గాని, కదలు చేయి గాని లేవు. సెల్‌ఫోనులోను, పెన్‌డ్రైవులోను ఉండు సూక్ష్మమైన చిప్పులే ఇందును ఉండును. విద్యుత్కణములను చిన్న చిన్న గదులలో బంధించి, వాని ఉనికినిబట్టి విషయమును గుర్తించుట దీని సూత్రము. వెదకుటకు కదలవలసిన భాగము లేనందున సెకనులో పదివేలవ వంతు కాలములోనే, కొన్నిటిలో అంతకంటె తక్కువలోనే, కావలసినది దొరకును. పెద్ద ఫైలును వరుసగా చదువుటలో హార్డు డిస్కు సెకనునకు నూరు నుండి రెండువందల ఏబది మెగాబైట్లు చదువగా, సాధారణపు ఎస్.ఎస్.డి. సుమారు 550 మెగాబైట్లు చదువును. ఎన్.వి.ఎం.ఇ. అను మేలురకము 3,500 మెగాబైట్లకు పైగా చదువును. ఇది చప్పుడు చేయదు. తక్కువ విద్యుత్తు తీసికొనును. కుదుపులను ఓర్చును.

అయినచో హార్డు డిస్కుతో పనియేమి? మొదటి సమాధానము ధర. పెద్ద పరిమాణములందు గిగాబైటు ఒకింటికి హార్డు డిస్కే చవుక. రెండవది స్వభావము. హార్డు డిస్కు చెడునపుడు టక్కు టక్కు మను చప్పుడు, ఫైళ్లు తెరచుకొనుటలో ఆలస్యము వంటి సూచనలు పెక్కు సారులు ముందుగా కనుపించును. ఎస్.ఎస్.డి. ఒక్కొక్కసారి ఏ సూచనయు లేక మూగవోవును. పొరపాటున చెరిపిన ఫైలు హార్డు డిస్కునుండి తరచు తిరిగి తీయవచ్చును. ఎస్.ఎస్.డి.లో చెరిపిన చోటును యంత్రము తానే శుభ్రపరచుకొనును గనుక తిరిగి తీయుట బహు కష్టము. విద్యుత్తు తగిలించక ఏండ్ల తరబడి బీరువాలో పెట్టిన ఎస్.ఎస్.డి.లో, ముఖ్యముగా వాడి వాడి అరిగినదానిలో, దాచినవి క్రమముగా చెదరవచ్చును.

కావున ఎస్.ఎస్.డి. పనిచేయు చోటునకును, హార్డు డిస్కు దాచు చోటునకును తగినవి. కంప్యూటరు లోపల ఎస్.ఎస్.డి., వెలుపల తగిలించి తీయుటకు హార్డు డిస్కు అనునది సామాన్య గృహమునకు మంచి ఏర్పాటు.

ఎంత పెద్దది కావలెను?

దీనికి ఊహ పనికిరాదు. కాగితముపై లెక్క వేసికొనవలెను. విండోస్‌కు, వాడుకలోనుండు ప్రోగ్రాములకు కలిపి నూరు గిగాబైట్లు ప్రత్యేకింపుడు. సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రము సగటున నాలుగు మెగాబైట్లనుకొన్న, పదివేల చిత్రములకు 40 గిగాబైట్లు. మంచి నాణ్యతగల వీడియో నిమిషమునకు నూరు మెగాబైట్లనుకొన్న, పది గంటల వీడియోకు 60 గిగాబైట్లు. సర్టిఫికెట్లు, పొలము కాగితములు, సంఘపు లెక్కలు ఎన్ని యున్నను ఒక గిగాబైటు దాటుట అరుదు. మొత్తము 201 గిగాబైట్లు. డిస్కు నిండినకొలది, ముఖ్యముగా ఎస్.ఎస్.డి., నిదానించును. కావున అయిదవ వంతు ఖాళీగా నుంచవలెను. ఈ లెక్కన 256 గిగాబైట్ల డిస్కు ఇరుకగును. 500 గిగాబైట్లది కొన్ని ఏండ్లకు చాలును. వీడియోలు తీయుట, కూర్చుట వృత్తిగా గలవారికి ఒకటి రెండు టెరాబైట్లు కావలసియుండును.

ఎస్.ఎస్.డి.లోని గదులు ఇన్ని సారులు వ్రాసిన పిమ్మట అరిగిపోవునని విని కొందరు జంకుదురు. తయారీదారులు ఎంత వ్రాయవచ్చునో టెరాబైట్లలో తెలుపుదురు. 500 గిగాబైట్ల డిస్కుకు 300 టెరాబైట్లని తెలిపిరనుకొందము. ఇంటిలో దినమునకు 20 గిగాబైట్లు వ్రాసినను ఏడాదికి 7.3 టెరాబైట్లగును. ఈ లెక్కన ఆ పరిమితి చేరుటకు నలుబది ఏండ్లు పట్టును. అంతకు ముందే డిస్కు వేరొక కారణమున చెడవచ్చును గాని, ఇంటి వాడుకలో అరుగుదలకు భయపడ నక్కరలేదు.

ఇముడునా, లేదా?

డబ్బు చెల్లించుటకు ముందు కంప్యూటరులో ఏ డిస్కు ఇముడునో చూడవలెను. పాత కంప్యూటర్లలో సాటా అను తీగతో తగిలించు డిస్కులే పట్టును. బల్లపై నుంచు కంప్యూటరులో మూడున్నర అంగుళముల హార్డు డిస్కు, ల్యాప్‌టాప్‌లో రెండున్నర అంగుళములది ఉండును. రెండున్నర అంగుళముల సాటా ఎస్.ఎస్.డి. ఈ రెంటిలోను అమరును. క్రొత్త కంప్యూటర్లలో ఎం.2 అను సన్నని పట్టీవంటి డిస్కునకు చోటుండును. పెక్కింటిపై 2280 అని యుండును. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని దాని భావము. ఎం.2 ఆకారములోనే సాటా రకమును, ఎన్.వి.ఎం.ఇ. రకమును కూడ కలవు. చూచుటకు ఒకే తీరున నున్నను ఒకదాని చోట రెండవది పనిచేయక పోవచ్చును. కంప్యూటరు పేరు, మోడలు సంఖ్య వ్రాసికొని దుకాణమునకు వెళ్లుట మంచిది.

పాత కంప్యూటరుపై సొమ్ము వెచ్చింపదలచినవారు క్రొత్తది కొనుటకు ముందు హార్డు డిస్కును తీసి సాటా ఎస్.ఎస్.డి.ని అమర్చి చూడవలెను. మిగిలిన భాగములు బాగుగా నున్నచో, రెండు మూడు నిమిషములకు మేల్కొను యంత్రము అర నిమిషమునకు లోపలనే సిద్ధమగుట తరచు చూచుచున్నాము.

మోసములు

డిస్కుల విపణిలో జాగ్రత్త పడవలసిన విషయములు మూడు కలవు.

మొదటిది నకిలీ పరిమాణము. ఆన్‌లైన్ అంగళ్లలోను, సంతలలోను కొన్ని వందల రూపాయలకే "16 టెరాబైట్ల" డిస్కులు అమ్మజూపుదురు. లోపల నుండునది కొద్ది గిగాబైట్ల చిప్పు మాత్రమే. కంప్యూటరునకు పెద్ద సంఖ్యను తెలుపునట్లు దానిని మార్చియుందురు. అసలు పరిమాణము నిండిన పిమ్మట వ్రాసినది మునుపటిదానిపై పడి రెండును చెడును. కొన్నవాడు నెలల తరువాత గాని గుర్తింపడు. హెచ్2టెస్ట్‌డబ్ల్యు, ఎఫ్3 అను ఉచిత ప్రోగ్రాములతో డిస్కును పూర్తిగా నింపి చదివి చూచినచో నిజము తేలును. కొన్ననాడే ఈ పరీక్ష చేయవలెను.

రెండవది, వాడిన డిస్కును క్రొత్తదిగా అమ్ముట. ప్రతి డిస్కు తాను ఎన్ని గంటలు నడచినదో తనలోనే వ్రాసికొనును. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అను ఉచిత ప్రోగ్రాము ఆ సంఖ్యను చూపును. క్రొత్తదను డిస్కులో వేలకొలది గంటలున్నచో దానిని వెంటనే తిరిగి యీయవలెను. ఈ సంఖ్యను చెరుపగలవారును కలరు గనుక, నెం. సహితమైన రసీదు తీసికొని, డిస్కుపై నున్న క్రమసంఖ్యను తయారీదారు వెబ్‌సైటులో సరిచూచుకొనుట ఇంకను మేలు. హార్డు డిస్కులు తయారుచేయు సంస్థలు నేడు ప్రపంచమున సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషీబా అను మూడే. వేరు పేరుతో హార్డు డిస్కు దొరకినచో లోపల ఎవరిది కలదో అడిగి తెలిసికొనుడు.

మూడవది వారంటీని గూర్చిన అపోహ. డిస్కునకు రెండు నుండి అయిదేండ్ల వారంటీ యిత్తురు. డిస్కు చెడినచో క్రొత్త డిస్కు లభించును. అందు దాచిన ఛాయాచిత్రములు గాని, లెక్కలు గాని లభింపవు. చెడిన డిస్కునుండి విషయమును వెలికితీయు నిపుణులు పట్టణములందు కలరు. వారి రుసుము డిస్కు వెలకు పెక్కు రెట్లుండవచ్చును. అంత చెల్లించినను ఫలితము నిశ్చయము కాదు.

ఒక పెద్దదానికంటె రెండు చిన్నవి

పై విషయములన్నిటిలో ముఖ్యమైనది ఇక చెప్పబోవునది. ఎంత వెలపెట్టి కొన్న డిస్కైనను ఒకనాడు చెడును. అది రేపే కావచ్చును, పదేండ్లకు కావచ్చును. కావున ఒకే డిస్కులో నున్న విషయము దాచినట్టు కాదు. రెండు టెరాబైట్ల ఎస్.ఎస్.డి. నొకదానిని కొనుటకంటె, 500 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. నొకదానిని, వెలుపల తగిలించు ఒక టెరాబైటు హార్డు డిస్కు నొకదానిని కొనుట మేలు. సాధారణముగా వెలయు తక్కువే యగును.

మన పూర్వులు తాళపత్రములు శిథిలము కాకమునుపే వానిని క్రొత్త ఆకులపై వ్రాయించెడివారు. పెక్కు ప్రాచీన కావ్యములు నేడు మనకు దక్కుట ప్రతినుండి ప్రతి వ్రాయబడుటచేతనే. డిస్కునకును ఇదే నీతి. అనుభవజ్ఞులు దీనిని 3–2–1 అను సూత్రముగా చెప్పుదురు. ముఖ్య విషయములకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. అందొకటి ఇంటికి వెలుపల నుండవలెను.

ఇంటికి వెలుపల ఎందుకు? 2024 సెప్టెంబరు మాసారంభమున బుడమేరు పొంగినపుడు విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు ప్రాంతముల ఇండ్లు దినముల తరబడి నీటిలో నుండెను. అట్టి సమయమున ఒకే ఇంటిలో రెండు డిస్కులున్నను రెండును మునుగును. పొరుగూరిలోని కుమార్తె యింటనో, సోదరుని యింటనో ఒక ప్రతి యున్నచో ఆ భయము లేదు. ఇంటర్నెట్టు సదుపాయము గలవారు ముఖ్య పత్రములను గూగుల్ డ్రైవు వంటి చోట దాచవచ్చును. ప్రభుత్వము 2015లో ప్రారంభించిన డిజిలాకరులో ఆధారు, డ్రైవింగు లైసెన్సు, అనేక బోర్డుల మార్కుల జాబితాలు నేరుగా పొందవచ్చును.

వెలుపలి డిస్కును ఎల్లప్పుడు కంప్యూటరునకు తగిలించి యుంచరాదు. ప్రతిని వ్రాసి వెంటనే విప్పివేయవలెను. 2017 మే మాసమున వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట కంప్యూటర్లలోని ఫైళ్లను తాళము వేసి సొమ్ము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకును అది సోకెను. ఇట్టివి తగిలించియున్న డిస్కునకును వ్యాపించును. విప్పి బీరువాలో పెట్టిన డిస్కును చేరలేవు.

కాపాడు విధము

డిస్కు నడచుచుండగా హఠాత్తుగా విద్యుత్తు పోవుట దానికి కీడు. బల్లపై నుంచు కంప్యూటరునకు చిన్న యు.పి.ఎస్. అవసరము. వెలుపలి డిస్కును లాగుటకు ముందు తెరపై "ఎజెక్ట్" అను ఆజ్ఞ నిచ్చి, తిరుగుట ఆగిన పిమ్మటనే తీయవలెను. నడచుచున్న డిస్కును చేతిలో పట్టుకొని తిరుగరాదు. వేసవిలో కంప్యూటరును గోడకు ఆనించక గాలియాడునట్లుంచవలెను. వానకాలమున దాచిన డిస్కును మూతగల డబ్బాలో, తేమను పీల్చు చిన్న పొట్లముతో పెట్టవలెను. దానిపై ఏమున్నదో, ఏ తేదీన వ్రాసితిమో చీటీ అంటించవలెను. ఆరు మాసముల కొకసారి తగిలించి, నాలుగైదు ఫైళ్లు తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరికిని తెలియదు.

ఈ పనులకు పెద్ద చదువు అక్కరలేదు. పదవ తరగతి పిల్లవాడైనను నెలకొక దినము నిర్ణయించుకొని అరగంటలో ముగించగలడు. ఇంటిలోని పిల్లలకు ఈ బాధ్యతను అప్పగించుట వారికిని మంచి అలవాటగును. సంఘముల లెక్కలు వ్రాయువారు నెలాఖరు లెక్క ముగించిన వెంటనే ప్రతి తీయుటను నియమముగా పెట్టుకొనవలెను.

తెలివిగల రైతు వచ్చే ఏటి విత్తనమును ఒకే కుండలో పోసి ఒకే మూలన పెట్టడు. పురుగు ఒకదానిని తిన్నను మరియొకటి మిగులవలెనని అతనికి తెలియును. ఇంటి కాగితములు, పిల్లల చదువు, పెద్దల రూపములు గూడ విత్తనము వంటివే. వానికి డిస్కు కొనదలచినవారు మొదట ఎంత కావలెనో లెక్క వేసికొని, పిమ్మట ఇముడునో లేదో చూచి, కొన్ననాడే పరీక్షించి, అంతే శ్రద్ధతో రెండవ డిస్కును కూడ కొనవలెను.